ఉగాదికొకసారి, దసరాకొకసారి

రేడియోలో బొమ్మ చూపించే వీలు లేదు కాబట్టి మీ చేతినే సాయం అడుగుతాను. కుడిచెయ్యి తీసి కుడివైపు, కింది పక్కటెముకల మీద ఆనించండి. మీ అరచేతి కింద, ఆ ఎముకల గూటి లోపల, దాదాపు కిలోన్నర బరువుండే అవయవం ఒకటుంది. పుస్తకాల్లో కాలేయం అంటారు. ఆస్పత్రికి వచ్చేవాళ్లు లివర్ అంటారు. మటన్ కొట్టు దగ్గర కార్జం అంటారు. ఆదివారం పొద్దున కొట్టు ముందు నిలబడి "కొంచెం కార్జం కూడా వెయ్యి" అని అడిగినవాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఆ ముక్క చేతిలోకి తీసుకుంటే మెత్తగా, నున్నగా, ముదురు ఎరుపులో జారిపోతుంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కాలేయమూ అలాగే ఉంటుంది.

ఈ కాలేయం లోపల నొప్పి తెలిపే నరాలు లేవు. పైనున్న పల్చటి పొరకు మాత్రమే ఉన్నాయి. లోపల గడ్డ పెరిగి పెరిగి ఆ పొరను సాగదీస్తే తప్ప మనిషికి నొప్పి తెలియదు. పన్ను పుచ్చితే ఆ రాత్రే నిద్ర పట్టదు. కాలేయంలో బత్తాయంత గడ్డ పెట్టుకుని నాట్లు వేయించుకుంటూ తిరిగినవాళ్లను నేను చూశాను. ఇవాళ లివర్ క్యాన్సర్ గురించి చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. స్కాన్‌లో లివర్‌లో గడ్డ అని రాయగానే అది లివర్ క్యాన్సరే కానక్కర్లేదు. హేమాంజియోమా అని రక్తనాళాల ముద్ద ఒకటుంటుంది. చాలామందిలో ఉంటుంది, దాని మానాన అది పడి ఉంటుంది, హాని చేయడం చాలా అరుదు. పెద్దపేగులోనో రొమ్ములోనో పుట్టిన క్యాన్సర్ కూడా రక్తంతోపాటు వచ్చి కాలేయంలో మకాం పెట్టవచ్చు. దాని వైద్యం వేరు. నేను మాట్లాడుతున్నది కాలేయం సొంత కణాల్లో పుట్టే క్యాన్సర్ గురించి. డాక్టర్లు హెపాటోసెల్యులార్ కార్సినోమా అంటారు, రిపోర్టు మీద హెచ్‌సీసీ అని మూడక్షరాలు రాస్తారు. లివర్‌లో పుట్టే క్యాన్సర్లలో నాలుగింట మూడొంతులు, ఇంకా ఎక్కువే ఇది. 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 8 లక్షల 65 వేల మందికి లివర్ క్యాన్సర్ కొత్తగా బయటపడింది. అదే ఏడాది దానితో పోయినవాళ్లు సుమారు 7 లక్షల 58 వేల మంది. పుట్టే లెక్కా పోయే లెక్కా ఇంత దగ్గరగా ఉన్నాయంటే, జబ్బు బయటపడే వేళకే చాలామందిలో చెయ్యి దాటిపోయి ఉంటోందని అర్థం.

ఇద్దరు అన్నదమ్ముల సంగతి చెబుతాను.

2014లో కోరుట్ల వైపు పల్లె నుంచి ఒకాయన నా దగ్గరికి చూపించుకోవడానికి వచ్చాడు. వయసు 43. ట్రాక్టరు నడుపుతాడు. నెల నుంచి పొట్ట ఉబ్బుతోంది, లుంగీ ముడి పడటం లేదు, తిండి రెండు ముద్దలకే చాలనిపిస్తోంది అన్నాడు. స్కాన్ చేస్తే 9 సెంటీమీటర్ల గడ్డ. కాలేయంలోకి వచ్చే పెద్ద రక్తనాళంలోకి కూడా పాకింది. ఇదివరకు కామెర్లు వచ్చాయా, రక్తపరీక్షలేమైనా చేయించారా అని అడిగితే లేదని తల ఊపాడు. పక్కన నిలబడిన భార్య గుర్తు చేసింది. "దుబాయ్ పోయేటప్పుడు చేసిండ్రు గద. మెడికల్ అన్‌ఫిట్ అన్నరు."

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్లకు, ఇటు కడప, రాజంపేట వాళ్లకు ఈ 'మెడికల్ అన్‌ఫిట్' అనే మాట నేను విడమర్చి చెప్పక్కర్లేదు. గల్ఫ్ వీసాకు ముందు చేసే పరీక్షల్లో హెపటైటిస్ బి పరీక్ష ఒకటి. పాజిటివ్ వస్తే ప్రయాణం ఆగిపోతుంది. ఈయనకు ఆ ముద్ర పడింది 1997లో, 26 ఏళ్ల వయసులో. రక్తంలో ఏదో ఉందట అన్నాడట ఏజెంటు. అప్పు చేసి కట్టిన డబ్బు పోయిందని ఇంటిల్లిపాదీ ఏడ్చారు. ఆ కాగితం బీరువాలో పడింది. లివర్ డాక్టరుకు చూపించుకోవాలని ఆ 17 ఏళ్లలో చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. చెప్పి ఉంటే ఏమి చేయగలిగేవాళ్లమో ఆయన తమ్ముడి సంగతి వింటే తెలుస్తుంది. అన్న మాత్రం నాలుగు నెలలే బతికాడు.

ఆయన ఉండగానే ఇంట్లో అందరినీ పిలిపించి పరీక్ష చేయించాం. తల్లికి పాజిటివ్. 38 ఏళ్ల తమ్ముడికి పాజిటివ్. రిపోర్టు చదివి వినిపించాక ఆ తల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది. "నా కడుపులకెల్లి అచ్చిందా బిడ్డా ఇది?"

డాక్టరుగా ఇన్నేళ్లలో నేను జవాబు చెప్పలేక తడబడిన ప్రశ్నల్లో అదొకటి. నిజం చెప్పాలి, నిందలా తగలకూడదు. "అమ్మా, నీకు మీ అమ్మ దగ్గర్నుంచి వచ్చి ఉండొచ్చు. నీ కాన్పుల నాటికి దీనికి టీకా అనేది ఈ ప్రపంచంలోనే లేదు" అన్నాను. అది నిజమే. హెపటైటిస్ బి వైరస్ ఆచూకీ మొట్టమొదట దొరికింది 1965లో, అమెరికా శాస్త్రవేత్త బారూక్ బ్లంబర్గ్‌కు. ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కనిపించిన కొత్త ప్రొటీన్ ద్వారా. ఆయనకు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. టీకా జనానికి అందేసరికి 1980లు వచ్చాయి.

ఈ వైరస్‌లో ఒక చిత్రమైన గుణం ఉంది. పెద్దవాళ్లకు సోకితే 100 మందిలో 95 మందికి పైగా దాన్ని వాళ్ల ఒళ్లే తరిమేస్తుంది. పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం 100 మంది పిల్లల్లో 90 మందిలో అది జీవితాంతం తిష్ఠ వేస్తుంది. పసిబిడ్డ శరీరానికి అది శత్రువని తెలియదు. 30, 40 ఏళ్లు అది అలా లోపల ఉండి, మనిషి మంచి వయసుకు వచ్చాక దెబ్బ తీస్తుంది. తల్లి నుంచి కాక రక్తం ద్వారా, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడటం ద్వారా, సెలూన్‌లో మార్చని బ్లేడు ద్వారా, జాతరలో ఒకే సూదితో అందరికీ పొడిచే పచ్చబొట్టు ద్వారా, లైంగిక సంబంధం ద్వారా వస్తుంది. ఒక కంచంలో తింటే రాదు. ఇది గట్టిగా చెబుతున్నాను. పాజిటివ్ అనగానే కోడలికి కంచం, గ్లాసు వేరుగా పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. అలా చేయడం వల్ల ఆ అమ్మాయి కుమిలిపోవడం తప్ప ఎవరికీ మేలు లేదు. ఇంట్లో మిగతావాళ్లు పరీక్ష చేయించుకుని, లేనివాళ్లు టీకా వేయించుకుంటే సరిపోతుంది.

టీకా అన్నాను కదా. మన హైదరాబాద్‌లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ ఈ టీకాను షాన్‌వ్యాక్-బి పేరుతో తెచ్చింది 1997లో. జన్యు సాంకేతికతతో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్ బి టీకా అది. అంతకుముందు బయటి దేశాల నుంచి వచ్చే టీకా మామూలు కుటుంబాలకు అందే ధరలో ఉండేది కాదు. కోరుట్ల ఆయన చేతిలో అన్‌ఫిట్ కాగితం పెట్టిన సంవత్సరం కూడా అదే. కానీ వైరస్ లోపల స్థిరపడ్డాక టీకా పని చేయదు. ఆయనకు అది అందాల్సింది పుట్టిన రోజున.

పుట్టిన రోజున అన్నది మాటవరసకు అనడం లేదు. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు పడాలి. ఆ తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకాలో కలిసి వస్తుంది. తల్లి పాజిటివ్ అయితే బిడ్డకు దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. తైవాన్‌లో 1984 జులైలో పసిపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టారు. అంతకుముందు అక్కడ 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో లక్షకు 0.70 చొప్పున లివర్ క్యాన్సర్ వచ్చేది. 1990-94 నాటికి అది 0.36కు పడిపోయింది. టీకాతో క్యాన్సర్‌ను ఆపవచ్చని లోకానికి దొరికిన మొదటి గట్టి రుజువు ఇదే. మన దేశంలో పిల్లలందరికీ ఇవ్వడం 2011 నుంచి విస్తరించింది. అంటే ఇవాళ పాతికేళ్లు దాటిన మనలో చాలామందికి ఆ రక్షణ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో హెపటైటిస్ బి ఉన్నవాళ్లు 2 కోట్ల 98 లక్షలు, హెపటైటిస్ సి ఉన్నవాళ్లు 55 లక్షలు. వీళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు.

సి గురించి ఒక మంచి మాట. దానికి టీకా లేదు గానీ మందు ఉంది. 12 వారాలు మాత్రలు మింగితే 100 మందిలో 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. బి అలా కాదు, మాత్రతో అణిగి ఉంటుందే తప్ప పూర్తిగా పోవడం అరుదు.

ఇక కాలేయం లోపల ఏమి జరుగుతుందో చూద్దాం. వైరస్ వల్ల కానీ, మద్యం వల్ల కానీ, కొవ్వు వల్ల కానీ కణాలు చచ్చిపోతుంటాయి. చచ్చిన చోట గాయం మానినట్టు మచ్చ పడుతుంది. పక్కన కొత్త కణాలు పుడతాయి. మళ్లీ చావు, మళ్లీ మచ్చ. ఏళ్ల తరబడి ఇలా జరిగితే, మటన్ కొట్టు దగ్గర చూసిన ఆ నున్నటి కార్జం కాకరకాయ పైభాగంలా బుడిపెలు తేలి గట్టిపడిపోతుంది. సిర్రోసిస్ అంటే అదే. విరామం లేకుండా కణాలు పుడుతూ ఉండే చోట, ఏదో ఒక కణం దారి తప్పుతుంది. లివర్ క్యాన్సర్లలో 80 శాతానికి పైగా ఇలా సిర్రోసిస్ ఉన్న కాలేయంలోనే పుడతాయి. హెపటైటిస్ బి మాత్రం కొన్నిసార్లు సిర్రోసిస్ రాకుండానే తిన్నగా క్యాన్సర్ తెస్తుంది. అందుకే దాని గురించి ఇంతగా చెబుతున్నాను.

అన్ని క్యాన్సర్లూ ఇలా ముందే జాడ ఇవ్వవు. పాంక్రియాస్ క్యాన్సర్ ఎవరికి వస్తుందో ముందుగా చెప్పడం చాలా కష్టం. లివర్ క్యాన్సర్ ఏ ఇంటికి రాబోతోందో పదేళ్లు, ఇరవై ఏళ్లు ముందుగా చెప్పవచ్చు. ఊళ్లో అందరి ఇళ్లకూ కాపలా కాయక్కర్లేదు, ఆ కొద్ది ఇళ్లకు కాస్తే చాలు. సిర్రోసిస్ ఉన్నవాళ్లు, అది ఏ కారణంతో వచ్చినా సరే. హెపటైటిస్ బి ఉండి 40 దాటిన మగవాళ్లు, 50 దాటిన ఆడవాళ్లు. బి ఉండి, ఇంట్లో ఎవరికైనా లివర్ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ వయసుల దాకా కూడా ఆగకూడదు. హెపటైటిస్ సి నయమైనా, అప్పటికే సిర్రోసిస్ వచ్చి ఉంటే కాపలా ఆపకూడదు. వైరస్ పోయింది కదా అని మానేసినవాళ్లు నాలుగేళ్లకు గడ్డతో తిరిగి రావడం చూశాను.

కాపలా అంటే పెద్ద హంగామా ఏమీ కాదు. ఆరు నెలలకొకసారి పొట్ట అల్ట్రాసౌండ్, దాంతోపాటు ఎఎఫ్‌పీ అనే రక్తపరీక్ష. ఆరు గంటలు పరగడుపున ఉండి వెళ్లాలి. పొట్ట మీద చల్లటి జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, "గట్టిగా ఊపిరి పీల్చండి, బిగబట్టండి" అంటారు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? కాలేయం పక్కటెముకల వెనక దాక్కుని ఉంటుంది. ఎముక గుండా అల్ట్రాసౌండ్ పోదు. ఊపిరి నిండా పీలిస్తే ఛాతీ కింది పొర కాలేయాన్ని కిందికి నెడుతుంది, అప్పుడు తెర మీద కనపడుతుంది. అందుకని బిగబట్టమన్నప్పుడు నిజంగా బిగబట్టండి. మొహమాటానికి పైపైన పీల్చి వదిలేస్తే నష్టపోయేది మీరే.

ఆరు నెలలే ఎందుకు, ఏడాదికొకసారి చాలదా అని అడుగుతారు. ఈ గడ్డ పరిమాణం రెట్టింపు కావడానికి సగటున నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. శనగ గింజంత, అంటే ఒక సెంటీమీటరు గడ్డ రెండు సెంటీమీటర్లు కావాలంటే పరిమాణం ఎనిమిది రెట్లు పెరగాలి, మూడుసార్లు రెట్టింపు కావాలి. అంటే ఏడాది, ఏడాదిన్నర. మూడు సెంటీమీటర్లు దాటకముందు పట్టుకుంటే వైద్యం సులువు. ఆరు నెలలకోసారి చూస్తుంటే, ఈసారి కంటికి చిక్కనిది వచ్చేసారి చిక్కడానికి వ్యవధి ఉంటుంది. నిజం దాచను, అల్ట్రాసౌండ్‌కు తొలిదశ గడ్డల్లో దొరికేవి సగం లోపే. ఎఎఫ్‌పీ కలిపితే 100కు 63 దాకా దొరుకుతాయి. పొట్ట లావుగా ఉన్నవాళ్లలో ఇంకా కష్టం. ఇక ఎఎఫ్‌పీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. చిన్న గడ్డలు చాలావాటిలో అది మామూలుగానే ఉంటుంది, గర్భిణుల్లో ఏ జబ్బూ లేకుండానే పెరుగుతుంది. ఒక్కసారి చూసి బాగుందని వదిలేసే స్క్రీనింగ్‌తో లాభం లేదని ఇందుకే అంటాం.

1990ల్లో చైనాలోని షాంఘైలో హెపటైటిస్ సమస్య ఉన్న 18,816 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఆరు నెలలకోసారి ఈ రెండు పరీక్షలూ చేశారు. పిలిచినప్పుడల్లా వచ్చినవాళ్లు 60 శాతం కూడా లేరు. అయినా ఆ గుంపులో లివర్ క్యాన్సర్ మరణాలు 37 శాతం తగ్గాయి. నూటికి నూరుమందీ వచ్చి ఉంటే ఎంత తగ్గేవో!

ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పాలి, కొందరికి కోపం వచ్చినా సరే. పండగ ఆఫర్లలో 'ఫుల్ బాడీ చెకప్, క్యాన్సర్ మార్కర్లతో సహా' అని ప్యాకేజీలు అమ్ముతున్నారు. ఏ వైరస్సూ లేని, మద్యం అలవాటు లేని, సిర్రోసిస్ లేని పాతికేళ్ల కుర్రాడికి ఎఎఫ్‌పీ చేస్తే దొరికేది క్యాన్సర్ కాదు, అనవసరపు బెంగ. ఆ డబ్బుతో జీవితంలో ఒక్కసారి హెపటైటిస్ బి కోసం హెచ్‌బీఎస్‌ఏజీ, సి కోసం యాంటీబాడీ పరీక్షలు చేయించుకోండి. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఈ పరీక్షలూ, మందులూ ఉచితం. ఆ తేదీ బ్లంబర్గ్ పుట్టినరోజు. ప్రపంచ హెపటైటిస్ దినం కూడా అదే.

కామెర్ల పసరు మందు గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం తెలుగువాళ్ల ప్రసంగం కాదు. కామెర్లనగానే ఫలానా ఊళ్లో పసరు పోస్తారట, మణికట్టు మీద వాత పెడతారట అని బయల్దేరతారు. నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. ఈ పసర్లలో వాడే నేల ఉసిరిని మేము వెక్కిరించి వదిలేశామనుకోకండి. మద్రాసు శాస్త్రవేత్తలు, వాళ్లతో కలిసి సాక్షాత్తూ ఆ బ్లంబర్గే, హెపటైటిస్ బి మీద దాన్ని ప్రయత్నించి 1988లో ఫలితాలు ప్రకటించారు. మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ జాడ పోయిందన్నారు. అందరం ఆశపడ్డాం. తర్వాత వేరే చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పసరు తాగాక కామెర్లు తగ్గాయంటే లోపలి వైరస్ పోయినట్టు కాదు. వాతకు మాత్రం ఏ ఆధారమూ ఎప్పుడూ లేదు.

రాయలసీమ శ్రోతలకు వేరుశనగ గురించి రెండు మాటలు. బూజు పట్టిన గింజల్లో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయారు. కారణం అఫ్లటాక్సిన్ అని తేల్చింది మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలే. అంత మోతాదులో కాక కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే క్యాన్సర్ వస్తుంది. షాంఘైలోనే చేసిన మరో అధ్యయనంలో హెపటైటిస్ బి, అఫ్లటాక్సిన్ రెండూ ఉన్నవాళ్లకు, ఏదీ లేనివాళ్లతో పోలిస్తే, ముప్పు దాదాపు 60 రెట్లని తేలింది. వేయిస్తే ఈ విషం పూర్తిగా పోదు. కాయ ఊపితే లోపల గింజ గలగలమనేదాకా ఎండబెట్టడం మీకు తెలిసిన విద్యే. అమ్మకానికి పనికిరాదని పక్కన పడేసిన నల్ల గింజల్ని ఇంట్లో పచ్చడికి వాడకండి.

మద్యం గురించి మీకు తెలియనిది లేదు. లెక్క మాత్రం చెబుతాను. ఒక క్వార్టర్ సీసా, 180 మిల్లీలీటర్లలో, 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. బీరే కదా అంటారు. స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో 40 గ్రాములు. కాలేయం సీసా మీది పేరు చదవదు.

ఫ్యాటీ లివర్ కొత్త తరం సమస్య. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందిలో కాలేయంలో కొవ్వు కనిపించిందని 2025లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. రిపోర్టులో 'గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్' అని చూసి హడలిపోయి లివర్ టానిక్ సీసా కొనేవాళ్లు కొందరు, అందరికీ ఉండేదేలే అని పారేసేవాళ్లు కొందరు. రెండూ తప్పే. షుగరు ఉన్నవాళ్లూ, నడుము చుట్టుకొలత పెరిగినవాళ్లూ కాలేయంలో మచ్చ ఎంత పడిందో తెలుసుకోవాలి. వయసు, రెండు లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగు అంకెలతో ఫిబ్-4 అనే లెక్క వేసి డాక్టరు చెప్పగలరు. అవసరమైతే ఫైబ్రోస్కాన్ అనే పరీక్ష కూడా చేస్తారు. బరువులో పదో వంతు తగ్గితే మచ్చ కూడా తగ్గే అవకాశం ఉంది. కాఫీ తాగేవాళ్లలో లివర్ క్యాన్సర్ తక్కువని చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఈ ఒక్క సలహా చెప్పినప్పుడే నా పేషెంట్లు వెంటనే ఒప్పుకుంటారు. చక్కెర సంగతి అడగగానే మొహాలు మారుతాయి.

మళ్లీ తమ్ముడి దగ్గరికి వద్దాం. 2014లో అతనికి సిర్రోసిస్ అప్పుడే మొదలవుతోంది. వైరస్‌ను అణిచే మాత్ర రోజుకొకటి మొదలుపెట్టాం. ఆరు నెలలకోసారి స్కాన్‌కు రావాలి, ఒంట్లో బాగున్నా రావాలి అని చెప్పాను. చాలామంది మానేసేది అక్కడే. రెండుసార్లు వస్తారు, అంతా బాగుందంటారు, మూడోసారి పత్తి తీతలో ఉండి మర్చిపోతారు. ఇతను ఒక ఉపాయం చేసుకున్నాడు. "ఉగాదికొకసారి, దసరాకొకసారి అస్త సార్." లెక్క సరిగ్గా సరిపోతుంది. చైత్ర శుద్ధ పాడ్యమి నుంచి ఆశ్వయుజ శుద్ధ పాడ్యమికి ఆరు నెలలు. 2015లో అధిక ఆషాఢం వచ్చింది. "ఈసారి ఏడు నెలలు అయితది, ఎట్ల సార్?" అని ఫోన్ చేశాడు. ఒక నెల ముందే రమ్మన్నాను.

అలా పది స్కాన్లు ఏమీ లేకుండా గడిచాయి. 2019 దసరా స్కాన్‌లో 1.8 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. ఉసిరికాయ కన్నా చిన్నది. అతనికి నొప్పి లేదు, కామెర్లు లేవు, ఆకలి బాగానే ఉంది.

సీటీ చేశాం. కాలేయానికి రక్తం రెండు కాలువల్లో వస్తుంది. మూడొంతులు పేగుల నుంచి వచ్చే సిర, పావు వంతు గుండె నుంచి వచ్చే ధమని. క్యాన్సర్ గడ్డ మాత్రం దాదాపుగా ధమని నీళ్లే తాగుతుంది. మందు ఎక్కించి సీటీ తీస్తే గడ్డ అన్నిటికన్నా ముందు వెలుగుతుంది, మిగతా కాలేయం వెలిగే వేళకు అది నల్లబడుతుంది. సిర్రోసిస్ ఉన్నవాళ్లలో ఆ బొమ్మ స్పష్టంగా ఉంటే ముక్క తీసి పరీక్షించాల్సిన పని కూడా చాలాసార్లు ఉండదు. ఇతని గడ్డలోకి చర్మం మీది నుంచే సూది దింపి, వేడితో మాడ్చేశారు. మూడో రోజు ఇంటికి వెళ్లాడు.

అంతటితో అయిపోయిందని చెప్పను. కాలేయం పాడైన నేల కదా, మరో చోట మొలిచే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మొదటి రెండేళ్లు మూడు నెలలకోసారి చూశాం. 2022లో ఇంకొకటి కనిపించింది, దాన్నీ అలాగే కాల్చారు. అది కుదరకపోతే కోసి తీసేవాళ్లు. కాలేయం మరీ దెబ్బతిని ఉంటే మార్పిడి. ఒకే గడ్డ 5 సెంటీమీటర్ల లోపు, లేదా మూడు గడ్డల దాకా ఒక్కొక్కటి 3 సెంటీమీటర్ల లోపు ఉంటే మార్పిడి ఫలితాలు బాగుంటాయని 1996లో ఇటలీలోని మిలాన్ వైద్యులు చూపించారు, ఇప్పటికీ ఆ కొలతే మాకు ఆధారం. అవి దాటిపోయినవాళ్లకు గడ్డకు వెళ్లే ధమనిలో మందు ఎక్కించి మూసేయడం, మాత్రలు, ఈ మధ్య వచ్చిన ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు ఉన్నాయి. వాటితో ఆయుష్షు పెరుగుతుంది, చాలామందిలో జబ్బు పోదు.

అన్న గడ్డ 9 సెంటీమీటర్లు, తమ్ముడిది 1.8. ఇద్దరికీ ఒకే తల్లి, ఒకే వైరస్, ఒకే ఊరి తిండి. మొన్న ఉగాదికి కూడా తమ్ముడు వచ్చాడు. కూతురి పెళ్లి శుభలేఖ తెచ్చి ఇచ్చి, స్కాన్ గది ముందు పరగడుపున వరుసలో కూర్చున్నాడు.

ఇక మీరొక పని చేయండి. ఇవాళ సాయంత్రం బీరువా తెరిచి పాత కాగితాలు వెతకండి. గల్ఫ్ మెడికల్ అన్‌ఫిట్ కాగితం కావచ్చు, రక్తదానం చేస్తే తర్వాత బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం కావచ్చు, కాన్పుకు ముందు చేసిన పరీక్ష కావచ్చు. హెచ్‌బీఎస్‌ఏజీ అన్న చోట పాజిటివ్ అని ఉందేమో చూడండి. మీకు చదవడం రాకపోతే ఇంట్లో పిల్లల చేత చదివించండి. ఉంటే దసరా దాకా ఆగకండి, ఈ వారమే ఆ కాగితం పట్టుకుని జిల్లా ఆస్పత్రికి వెళ్లండి. వెళ్లేటప్పుడు అన్నదమ్ములనూ, అక్కచెల్లెళ్లనూ వెంట తీసుకెళ్లండి.